గుడి, కోట, చెరువు, పాత ఇల్లు: మా వారసత్వ కోర్సు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, మా డిపార్ట్‌మెంట్ ఫోన్ ఆగదు. అడిగేవాళ్ళు వేరు, అడిగేవి మాత్రం అవే. అందుకే హనుమకొండలో మా హిస్టరీ డిపార్ట్‌మెంట్ నడిపే వారసత్వ పరిరక్షణ సర్టిఫికెట్ కోర్సు గురించీ, ఓరుగల్లు చుట్టుపక్కల కట్టడాల గురించీ జనం మమ్మల్ని అడిగినవన్నీ ఒకచోట పెట్టాం. కొన్నిటికి జవాబు రెండు ముక్కలే. కొన్నిటి దగ్గర మాకే నోరు ఆగలేదు, ఏమనుకోవద్దు.

ఇంతకీ ఈ కోర్సులో ఏం నేర్పుతారు? గుళ్ళు తిరగడమేనా?

తిరగడం ఉంటుంది, కాదనం. కానీ చేతిలో సెల్ఫీ స్టిక్ బదులు టేపు, నోట్‌బుక్కు ఉంటాయి. మొదటి నెల ఎవరూ ఏ రాయినీ ముట్టుకోరు. చూడటం, కొలవడం, రాయడం, అంతే. పగులు ఎక్కడుంది, ఎంత పొడుగుంది, వాన నీళ్ళు పైకప్పు మీంచి ఎటు కారుతున్నాయి, రావి మొక్క ఏ సందులో మొలిచింది, ఇవన్నీ గీసి, ఫోటో తీసి, తేదీ వేసి పెట్టుకోవాలి. రావి మొక్క అంటే గుర్తొచ్చింది, దాన్ని చూడగానే పీకేయాలనిపిస్తుంది కదా, పీకొద్దు. వేరు రెండు రాళ్ళ మధ్య ఎంత లోపలికి పోయిందో పైనుంచి తెలియదు, మీరు లాగితే రాయి కూడా కదిలి వస్తుంది.

ఆ తర్వాత శాసనాల నకలు తీయడం, డంగు సున్నం (గానుగలో తిప్పిన సున్నం) పని, పురావస్తు చట్టాలు, ఊరి పెద్దమనుషులతో కూర్చుని మాట్లాడి రాసుకోవడం. చివరిదే అన్నిటికంటే కష్టం.

నేను బీకాం. చేరొచ్చా?

చేరొచ్చు. బీఎస్సీ వాళ్ళూ ఉన్నారు, డిగ్రీ ఎప్పుడో అయిపోయి కిరాణం నడుపుకునే అన్న కూడా ఒకాయన ఉన్నాడు. మా పిల్లల్లో కొలతలు అందరికంటే బాగా తీసింది సెలవుల్లో నాన్నతో మేస్త్రీ పనికి వెళ్ళే బీకాం అబ్బాయి. గుండుదారం (గోడ నిటారుగా ఉందో లేదో చూసే దారం) పట్టుకోవడం అతను మాకే నేర్పాడు.

ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?

ఈ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే రాదు. వస్తుందని చెప్పి సీట్లు నింపుకోవడం మాకు ఇష్టం లేదు. కానీ దారులున్నాయి. పీజీ అయ్యాక గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ళ పీజీ డిప్లొమా ఉంది, తవ్వకాల వైపు వెళ్ళాలనుకుంటే అది గట్టి దారి. ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళకు ఢిల్లీ, భోపాల్ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో కన్జర్వేషన్ మీద మాస్టర్స్ ఉంది. మ్యూజియాలు, గైడ్ పని, పాత కట్టడాల మరమ్మతులు చేసే కాంట్రాక్టర్ల దగ్గర సైట్ పని కూడా ఉంటాయి. ఇంటి దగ్గర "గుళ్ళు కొలిచే చదువేంది బిడ్డా" అని టెన్షన్ పెడితే ఒకసారి వాళ్ళను కూడా శనివారం ఫీల్డ్ పనికి వెంట తీసుకురండి. సగం మంది అమ్మానాన్నలు అక్కడే మెత్తబడతారు.

వేయి స్తంభాల గుడి కల్యాణ మండపానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

ఈ ప్రశ్న అడగని మనిషి హనుమకొండలో లేడు. గుడి 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. ఒక గర్భగుడి శివుడిది, ఒకటి విష్ణువుది, ఒకటి సూర్యుడిది. నంది అవతల ఉన్న కల్యాణ మండపం పునాది కుంగి స్తంభాలు ఒరిగిపోతుంటే 2006లో ఏఎస్‌ఐ దాన్ని విప్పింది. (ఏఎస్‌ఐ అంటే పోలీసాయన కాదు, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ. ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా నవ్విస్తారు.) తిరిగి నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చి 8న, మహా శివరాత్రి నాడు. అంటే పద్దెనిమిదేళ్ళు. విప్పిన ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు మా క్లాసులో బెంచీల మీద కూర్చుంటున్నారు.

ఆలస్యం మీద కోపం మాకూ ఉండేది. ఎన్నో శివరాత్రులు ఆ ఖాళీ జాగా చుట్టూ తిరిగి దండం పెట్టుకుని వచ్చాం. కానీ పని లోపలి సంగతి తెలిశాక కోపం కొంచెం తగ్గింది, మొత్తం పోలేదు. ఇల్లు కూల్చి ఇల్లు కట్టడం లాంటిది కాదిది. ప్రతి రాయికీ నంబర్ వేయాలి, ఏ వరుసలో ఏ మూల ఉందో గీయాలి, విప్పాలి, పునాది మళ్ళీ వేయాలి, విరిగిన రాయి స్థానంలో అదే జాతి రాయి వెతికి అదే చెక్కడం తెలిసిన శిల్పులతో చెక్కించాలి, అప్పుడు మళ్ళీ అదే రాయి అదే చోట కూర్చోవాలి. ఒక్క నంబర్ తప్పితే పైన కప్పు దగ్గర తేలుతుంది. "కొత్త రాయి రంగు కలవలేదు సార్" అని కొందరు ఫిర్యాదు చేస్తారు. కలవకపోవడమే మంచిది. దగ్గరికెళ్ళి చూస్తే ఏది రుద్రదేవుడి కాలంది, ఏది మన కాలందో తెలియాలి. రెండూ ఒకేలా కనిపించేట్టు చేస్తే అది మరమ్మతు కాదు, మారువేషం.

ఇసుక పునాది అంటే నిజంగా ఇసుకేనా? గుడి కుంగదా?

నిజంగా ఇసుకే. కాకతీయులు పెద్ద గుంత తవ్వి, అందులో ఇసుక నింపి గట్టిపరిచి, దాని మీద గుడి నిలబెట్టారు. మన ఇంజనీర్లు దీన్నే సాండ్ బాక్స్ అంటున్నారు. కదలకుండా పట్టి ఉంచితే ఇసుక బరువును అన్నివైపులా పంచుతుంది, భూమి అదిరినప్పుడు ఆ అదురును కొంత మింగుతుంది. బియ్యం బస్తా మీద కూర్చుని చూడండి, మూతి కట్టి ఉన్నంతసేపు గట్టిగా ఉంటుంది. మూతి విప్పితేనే గొడవ. గుడి పక్కనే లోతుగా డ్రైనేజీ తవ్వినా, నీళ్ళు ఒకవైపే ఇంకుతున్నా ఇసుక జారే ప్రమాదం ఉంటుంది. గుడి ప్రహరీ బయట పని జరుగుతున్నా మేం ఎందుకు అంత గోల చేస్తామో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

యునెస్కో గుర్తింపు రామప్ప గుడికే ఎందుకు? మన ఓరుగల్లు కోట ఏం తక్కువ?

ఏం తక్కువ లేదు. 2014లో భారతదేశం యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం తాత్కాలిక జాబితాలో పెట్టినప్పుడు వేయి స్తంభాల గుడి, కోటలోని కీర్తి తోరణాలు (పెద్ద రాతి ద్వారాలు), రామప్ప, మూడూ కలిపే పెట్టారు. చివరికి వెళ్ళింది రామప్ప ఒక్కటే. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, దేశంలో 39వది, తెలంగాణలో మొదటిది.

ఇక్కడ నా సొంత అభిప్రాయం చెప్తా. రామప్ప ఉన్న పాలంపేటలో గుడి ఉంది, గుడికి చెరువుంది, చెరువు కింద పొలాలున్నాయి, చుట్టూ గుట్టలున్నాయి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించిన నాటి ఊరి పొందిక ఇంకా చాలావరకు కనబడుతుంది. హనుమకొండలో గుడి గేటు దాటి బయటికొస్తే ఆటోలు, హోర్డింగులు, హారన్లు. రాయి అందం రెండుచోట్లా ఒకటే. చుట్టూ ఉన్న ఊరిని మనం ఏం చేశామన్నదే తేడా.

రామప్ప ఇటుక నీళ్ళల్లో తేలుతుందా?

తేలుతుంది. గోపురం మీద వాడిన ఇటుక లోపల గుల్లగుల్లగా, తేలికగా ఉంటుంది. కింద ఎర్ర ఇసుకరాయి బరువు, పైన తేలిక ఇటుక, ఎంత తెలివో చూడండి. కానీ తేలుతుందో లేదో మీరు పరీక్ష చేయొద్దు! ముక్క జేబులో వేసుకుని వెళ్ళేవాళ్ళను మేం చూశాం. అలాగే మీటితే స్వరాలు పలికే శిల్పం ఉందని విని, గైడ్‌ను "ఒక్కసారి అన్నా" అని బతిమాలేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కసారి చొప్పున రోజుకు ఎన్నిసార్లు అవుతుందో లెక్కేసుకోండి.

రామప్ప అనేది దేవుడి పేరా, శిల్పి పేరా?

లోపల ఉన్నది రుద్రేశ్వరుడు. రామప్ప శిల్పి పేరని జనం తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. అక్కడి శాసనం మాట్లాడేది కట్టించిన రేచర్ల రుద్రుడి గురించి.

మా ఊరి పాత గుడికి దాతలు డబ్బులిచ్చారు. సిమెంట్‌తో బాగు చేయించొచ్చా?

మాకొచ్చే ఫోన్లలో అన్నిటికంటే భయపెట్టేది ఇదే, ఎందుకంటే అడిగేవాళ్ళు మంచివాళ్ళు, భక్తితో అడుగుతారు, అప్పటికే సగం పని అయిపోయి ఉంటుంది.

పాత గోడ ఊపిరి పీల్చుకుంటుంది. వానాకాలం కొంత తేమ లాగుతుంది, ఎండాకాలం వదిలేస్తుంది. డంగు సున్నం ఆ తేమను రానిచ్చి పోనిస్తుంది. పైన సిమెంట్ పూత వేశారంటే లోపలికొచ్చిన నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది, సిమెంట్‌లోని లవణాలు కూడా రాయిలోకి దిగుతాయి, కొన్నేళ్ళకు పైన పూత గట్టిగానే ఉంటుంది గానీ దాని వెనక ఇటుకో ఇసుకరాయో పిండిపిండిగా రాలుతుంటుంది. మెత్తటి గోడకు గట్టి పూత పట్టదు.

సున్నం పని ఆలస్యం, అది నిజం. సున్నపురాయి కాల్చాలి, నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పాలి, కొందరు పాత మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలుపుతారు. పూత వేశాక కూడా రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. ఆ పని చేసిన పెద్ద మేస్త్రీలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మీ ఊళ్ళో ఒకరైనా ఉంటే దయచేసి మాకు కబురు పెట్టండి, గుడి సంగతి తర్వాత, ముందు ఆ తాత చెప్పేది రికార్డు చేసుకుంటాం.

సిమెంట్ ఇప్పటికే వేసేశారా? గొడ్డలి, డ్రిల్లు పట్టుకుని చెక్కేయకండి. అలాగే ఉంచి ఫోటోలు పంపండి. ఒక్కోసారి తీయడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

శాసనం అక్షరాలు కనబడట్లేదు, రంగు వేస్తే చదవడానికి బాగుంటుంది కదా?

బాగుండదు. ఎనామిల్ పెయింట్ అక్షరం గాడిలోకి దిగి గట్టిపడుతుంది, పైగా వేసే ఆయన చదవడం రాక తనకు తోచిన గీతను అక్షరం చేస్తాడు. "మ" కాస్తా "య" అవుతుంది, ఆ తర్వాత వచ్చే వాళ్ళందరూ అదే తప్పు చదువుతారు.

చెప్పేవాళ్ళం మేమేదో శుద్ధపూసలం కాదు. కోర్సు మొదలైన కొత్తలో ఒక ఊరి పొలిమేరలో దొరికిన వీరగల్లును (చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయిని) శుభ్రం చేస్తామని ఇనుప బ్రష్‌తో తోమాం. నాచు పోయింది. నాచుతోపాటు వీరుడి కత్తి అంచు కూడా కొంత పోయింది. అప్పటి ఫోటో మా గదిలో గోడకు అంటించి ఉంది, కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు అదే చూపిస్తాం.

సరైన పద్ధతి కాగితం నకలు. మెత్తటి బ్రష్‌తో, మామూలు నీళ్ళతో రాయి కడిగి, తడిపిన కాగితం పరిచి, బ్రష్‌తో మెల్లగా తట్టుతూ పోతే కాగితం అక్షరాల గాడిలోకి దిగుతుంది. కాస్త ఆరాక పైన సిరా అద్దాలి. అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. రక్షిత కట్టడాల్లో అయితే దీనికి కూడా ముందే అనుమతి కావాలి. ఇంకో తేలిక ఉపాయం కావాలంటే, సాయంత్రం పూట సెల్‌ఫోన్ టార్చ్‌ను రాయికి పక్కనుంచి, అడ్డంగా వేసి ఫోటో తీయండి. నీడలు పడి అరిగిన అక్షరాలు కూడా లేచి నిలబడతాయి. పైసా ఖర్చు లేదు.

నంది కింద గుప్త నిధులు ఉంటాయా?

ఉండవు. నిధుల కోసం తవ్వినచోట మాకు కనబడేది రెండే: విరిగిన నంది, నిమ్మకాయలు. పీఠం కింద తవ్వి, గర్భగుడి ఒరిగిపోయిన గుళ్ళు ఈ జిల్లాల్లో చూసీ చూసీ విసుగొచ్చింది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ ఊళ్ళో రాత్రిపూట అనుమానంగా ఎవరైనా తిరిగితే 100కు ఫోన్ చేయండి, మాకు కాదు.

పొలం దున్నుతుంటే విగ్రహం బయటపడింది. ఏం చేయాలి?

ట్రాక్టర్ ఆపండి. ఎలా పడి ఉందో అలాగే ఫోటో తీయండి, పక్కన చెప్పో పెన్నో పెడితే సైజు తెలుస్తుంది. ఎమ్మార్వో ఆఫీసులో చెప్పండి. భూమిలో దొరికిన విలువైన వస్తువు గురించి కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది, అప్పట్లో పది రూపాయల విలువ దాటితే చాలని రాశారు. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం ఆగదని మాకు తెలుసు, కనీసం కడగడానికి సబ్బు, చింతపండు వాడకండి.

కోట లోపల మా తాతల నాటి ఇల్లుంది. గోడ కూలితే కట్టుకోనివ్వరా?

ఈ బాధ నిజమైనది, దీన్ని "ఆక్రమణలు" అని ఒక్క మాటతో కొట్టిపారేయడం మాకు నచ్చదు. మట్టి కోట, రాతి కోట మధ్య ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి, తరాలుగా మనుషులున్నారు.

చట్టం ఏమంటుందంటే, కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, కొత్త నిర్మాణం కుదరదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. ఇది 2010 సవరణతో గట్టిపడింది. అయితే చాలామందికి తెలియనిది, 100 మీటర్ల లోపల కూడా ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ దాన్ని పరిశీలిస్తుంది. తిప్పించుకుంటారు, అవును. ఇంటి పాత ఫోటోలు, పన్ను రసీదులు, కొలతలతో ప్లాన్ ఉంటే పని కొంత తేలికవుతుంది. ఆ కొలతలు, ప్లాన్ మా పిల్లలు ఉచితంగా గీసిస్తారు, వాళ్ళకూ చేతికి పని దొరుకుతుంది.

చెరువు కూడా వారసత్వమా? అది ఇరిగేషన్ వాళ్ళది కదా?

కాగితం మీద ఇరిగేషన్ వాళ్ళదే. కానీ పాఖాల, లక్నవరం, రామప్ప చెరువులు కాకతీయుల నాటివి, ఇప్పటికీ వాటి కింద వరి పండుతోంది. ఎనిమిది వందల ఏళ్ళుగా రోజూ డ్యూటీ చేస్తున్న కట్టడం ఇంకేదైనా ఉందా చెప్పండి. కోటకు వెళ్తే కాపలా మనిషి ఉంటాడు, చెరువుకు నీరటి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు ఎంత ఎత్తాలి, అలుగు ఎప్పుడు పారుతుంది, పై చెరువు నిండితే కింది చెరువుకు ఎంతసేపట్లో నీళ్ళొస్తాయి, ఆ లెక్కంతా ఆయన బుర్రలో ఉండేది. ఒకదాని నీళ్ళు ఇంకోదానికి పారే ఈ గొలుసుకట్టు అంటే చెరువులే కాదు, ఆ కబుర్లు అందించుకున్న మనుషులు కూడా. ఈ ఏడాది మా పని ఎక్కువగా ఇటువైపే మళ్ళింది. పాత రాతి తూముల కొలతలు తీయడం, మిగిలిన నీరటి కుటుంబాల మాటలు రికార్డు చేయడం. గుడి ఫోటోలకు వచ్చినంత లైకులు రావు గానీ, మా పిల్లలు ఎక్కువ ఇష్టపడ్డది దీన్నే.

నిజాం కాలం బిల్డింగులను పట్టించుకోరా?

పట్టించుకుంటాం, కానీ మేం కొలిచే లోపే అవి పోతున్నాయి. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో పెద్దాసుపత్రి కోసం కూల్చారు. ఆసుపత్రి వద్దనడానికి మాకు నోరు రాదు, కావలసిందే. కానీ కూల్చే ముందు ఒక్కో గదినీ కొలిచి, గీసి పెట్టుకునే సమయం ఉండాల్సింది కదా అనిపిస్తుంది. 1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు కథా అంతే, సైరన్ మోతను బట్టి టైము చెప్పుకున్న ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు గానీ ఆ మిల్లు లేదు. వాళ్ళ మాటలైనా రాసుకుంటున్నాం. వరంగల్ కొత్తవాడలో దరీల (నేల మీద పరిచే తివాచీల) మగ్గాలు మాత్రం ఇంకా ఆడుతున్నాయి, 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మగ్గం గుంట కొలతలు తీయడానికి వెళ్ళిన మా వాళ్ళు తలా ఒక దరీ కొనుక్కొచ్చారు.

మా ఇంట్లో తాళపత్రాలున్నాయి. ఇస్తే తీసుకుంటారా?

తీసుకోం. మీ ఇంట్లోనే ఉండనివ్వండి, మేం వచ్చి ఫోటోలు తీసుకుంటాం. లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అంటించొద్దు, పురుగు పట్టిందని కిరసనాయిలు పోయొద్దు. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య కట్టి, గోడకు తగలకుండా పొడిగా ఉండేచోట పెట్టండి. నిమ్మగడ్డి నూనె రాయాలా వద్దా అన్నది ఆకు చూశాకే చెప్తాం. 75 ఏళ్ళు దాటిన, చరిత్రపరంగా విలువైన రాతప్రతులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, కాబట్టి ఎవరో కొంటామంటే తొందరపడి అమ్మకండి.

ఒక్క రోజే టైముంది, పిల్లలతో ఏం చూడాలి?

పొద్దున్నే కోట, ఎండ ముదరకముందే. నాలుగు కీర్తి తోరణాల మధ్య నిలబడి, పడి ఉన్న శిల్పాల్లో ఏనుగులెన్ని, హంసలెన్ని లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి, గంట గడిచిపోతుంది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. తిరిగొచ్చేటప్పుడు శివనగర్ మెట్ల బావి. సాయంత్రం వేయి స్తంభాల గుడి. రామప్పను ఇదే రోజులో ఇరికించకండి, అది డెబ్బై కిలోమీటర్ల దూరం, దానికి వేరే రోజు పెట్టుకుని ఘనపురం కోటగుళ్ళు కూడా కలుపుకోండి. కోటగుళ్ళలో జనం తక్కువ, కోతులు ఎక్కువ.

శనివారం ఫీల్డ్‌కు వస్తే ఏం తెచ్చుకోవాలి?

టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, పెన్సిల్ (పెన్ను కాదు, వాన పడితే రాత పోతుంది), ఐదు మీటర్ల టేపు, మధ్యాహ్నం డబ్బా. చెప్పులు కాకుండా బూట్లు, పొదల్లో పాములుంటాయి. పొద్దున ఏడింటికి కాలేజీ గేటు దగ్గర ఉండాలి, ఏడుంపావుకు బండి కదులుతుంది, "సార్ పెట్రోల్ బంకు దాకా వచ్చేశా" అని ఫోన్ చేస్తే ఆగదు.